ఒడ్డెక్కగానే రాక్షసి ఎందుకు చిన్నబోతుంది: సముద్రపు భయానక నవలల గురించి

ముందుగా మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పుకుంటాను. సముద్రంలోంచి భయంకరమైన జీవులు వచ్చి తీరపట్టణాల మీద పడే నవలలు మీరు ఏడెనిమిది చదివారు. వాటిలో దాదాపు ప్రతిదీ సగం దాకా ఊపిరి సలపనివ్వకుండా చదివించి, జీవి ఒడ్డెక్కి నిండుగా కనబడినప్పటి నుంచి చప్పబడిపోయింది. ఇలా ఎందుకు జరుగుతుంది, ఇలా జరగని పుస్తకాలు ఏవి, మీరే ఒకటి రాయబోతే దేని మీద దృష్టి పెట్టాలి అని అడిగారు. ఈ తరహా సాహిత్యాన్ని ముప్పై ఏళ్లుగా చదువుతున్నాను, కొంతకాలం ఇతరుల రాతప్రతులు సరిదిద్దే పని కూడా చేశాను; ఆ అనుభవం మేరకే చెబుతున్నాను.

ఇలాంటి ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు, రాక్షసిని చూపించకూడదు, చూపిస్తే భయం పోతుంది అని. ఇది సగమే నిజం. హెచ్. జి. వెల్స్ 1896లో ప్రచురించిన ‘ది సీ రైడర్స్’ అనే చిన్న కథలో జీవులు దాక్కోవు. ఇంగ్లండు దక్షిణ తీరంలోని సిడ్మత్ దగ్గర కనబడ్డ ఆ స్క్విడ్ జాతికి మొదటి వాక్యంలోనే ‘హాప్లోట్యూథిస్ ఫెరాక్స్’ అని శాస్త్రీయ నామం పెట్టి, అదేదో ప్రాణిశాస్త్ర నివేదిక అన్నంత తాపీగా వెల్స్ కథ నడుపుతాడు. అయినా చదివే మనిషికి వెన్ను జలదరిస్తుంది. కాబట్టి చూపించడం వల్ల భయం పోదు. నా అభిప్రాయంలో అసలు జబ్బు వేరే చోట ఉంది. జీవి ఒడ్డెక్కగానే రచయిత సముద్రాన్ని మరచిపోతాడు. అప్పటిదాకా కథలో ఉన్న పోటు, పాటు, ఉప్పుగాలి, తడి ఇసుక ఒక్కసారిగా మాయమై, వీధుల్లో పరుగులు, తుపాకులు, అరుపులు మిగులుతాయి. నేల మీద పడిన ఆ జీవి స్థానంలో పులిని పెట్టినా, ఏనుగును పెట్టినా కథ మారదు. సముద్రపు జీవి సముద్రంతో తెగతెంపులు చేసుకున్న చోటే నవల చస్తుంది.

కొంచెం వివరిస్తాను. అడవికీ ఊరికీ మధ్య ఉన్న హద్దు కదలదు. సముద్రానికీ ఊరికీ మధ్య ఉన్న హద్దు మాత్రం రోజంతా కదులుతూనే ఉంటుంది. చాలా తీరాలలో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందువల్ల పోటు వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకూ పున్నమికీ నీరు మామూలు కంటే ఎక్కువ ఎత్తుకు లేచి, మామూలు కంటే ఎక్కువ దూరం వెనక్కి పోతుంది. అంటే పిల్లలు గవ్వలు ఏరుకున్న చోటు మరి కొన్ని గంటల్లో మనిషి లోతు నీటి కింద ఉంటుంది, ఆ నీరు మళ్లీ తొలగినప్పుడు అక్కడ ఏం మిగిలిందో చూడటానికి ఎవరో ఒకరు దిగక తప్పదు. భయానక కథ రాసేవాడికి ప్రకృతి ఉచితంగా ఇచ్చిన గడియారం ఇది. ఈ గడియారాన్ని వాడుకున్న కథలు నిలిచాయి. పొగమంచునూ పున్నమి చంద్రుణ్ణీ పెళ్లిపందిరి అలంకారంలా వేలాడదీసి ఊరుకున్నవి నిలవలేదు.

వెల్స్ కథలో ఫైసన్ అనే విశ్రాంత తేయాకు వ్యాపారి పాటు సమయంలో బయటపడ్డ రాళ్ల మీదికి దిగుతాడు. దూరం నుంచి ఏదో గులాబీ రంగు వస్తువు మీద పక్షులు ముసురుతున్నట్టు అనిపించి, కుతూహలంతో దగ్గరికి పోతాడు. ఆ తరువాతి పరుగులో ఉన్న భయమంతా ఆ జీవుల చేతుల్లో లేదు, అతను నిలబడ్డ నేల నిజానికి సముద్రానిదే అన్న ఎరుకలో ఉంది. అలాగే డాఫ్నే డ్యు మోరియర్ 1952లో ప్రచురించిన ‘ద బర్డ్స్’ కథను కూడా నేను ఈ కోవలోనే చేరుస్తాను. అందులో దాడి చేసేవి పక్షులు కదా, సముద్రపు జీవులు కావు కదా అని మీరు అభ్యంతరం చెప్పవచ్చు. కానీ కార్న్‌వాల్ తీరంలో కాపురముండే నాట్ అనే కూలీ, కిటికీలకు చెక్కలు కొట్టుకుంటూ, దాడులు పోటుతో పాటే వచ్చి పాటుతో పాటే సడలుతున్నాయని గమనించిన క్షణం నుంచి ఆ కథ పూర్తిగా సముద్రపు కథే. తరువాతి పోటు వేళ దాకా దొరికిన ఆ కాసిని గంటల్లో అతను పక్కనున్న పొలం ఇంటికి పోయి సరుకులు తెచ్చుకోవాలి. అక్కడ యజమానుల శవాలు కనబడినా ఆగి దుఃఖించే తీరిక లేదు. రాక్షసుల వర్ణన కంటే ఈ వేళల లెక్క పాఠకుణ్ణి ఎంత బిగిస్తుందో ఆ కథ చదివితే తెలుస్తుంది.

రెండో ఆయువుపట్టు ఊరు. తీరపట్టణం బతికేది సముద్రం మీద. కాబట్టి సముద్రంలో ఏదో తేడా వచ్చిందని ముందుగా పసిగట్టేదీ ఆ ఊరే, ఆ సంగతిని చివరిదాకా దాచిపెట్టేదీ ఆ ఊరే. పీటర్ బెంచ్లీ 1974లో రాసిన ‘జాస్’లో సొరచేప ఎప్పుడూ నేల మీదికి రాదు, అయినా అది ఊరి మీద దండయాత్రే. వేసవి రాబడి మీద ఆధారపడ్డ అమిటీ అనే పట్టణంలో స్నానతీరాన్ని మూసివేయాలా వద్దా అన్న గొడవ ఆ నవలకు వెన్నెముక. ఒక చేప వల్ల దుకాణదారులకూ, పురపాలకులకూ, పోలీసు అధికారికీ మధ్య ఉన్న పాత లొసుగులన్నీ పైకి తేలుతాయి. సినిమాలో లేని అక్రమ సంబంధాలు, డబ్బు ఒత్తిళ్లు నవలలో చాలా ఉన్నాయి. కొందరికి అవి విసుగు పుట్టిస్తాయి, నాకు మాత్రం అవే నవలను నవలగా నిలబెట్టాయనిపిస్తుంది. (బెంచ్లీ తరువాతి జీవితంలో సొరచేపల పరిరక్షణ కోసం పనిచేశాడు. తాను సృష్టించిన భయానికి తానే ప్రాయశ్చిత్తం చేసుకున్న రచయితలు అరుదు.)

ఊరి మౌనాన్ని ఇంతకంటే లోతుగా పట్టుకున్నది హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ 1931లో రాసిన ‘ది షాడో ఓవర్ ఇన్స్‌మౌత్’. ఇది 1936లో చిన్న ముద్రణాలయం నుంచి ముద్రణదోషాలతో నిండిన పుస్తకంగా వెలువడింది. ఇక్కడ దండయాత్ర అప్పటికే జరిగిపోయింది, ఒప్పందం మీద జరిగింది. చేపలు తగ్గిపోయి, వ్యాపారం కుంటుపడిన ఊరికి ఓబెడ్ మార్ష్ అనే ఓడ కెప్టెన్ సముద్రగర్భ జీవులతో బేరం కుదిర్చి బంగారాన్నీ చేపలనూ రప్పిస్తాడు. బదులుగా ఊరు ఏమి ఇచ్చుకుందో ఒక ముసలి తాగుబోతు నోట మనకు తెలుస్తుంది. ఊరికి కొత్తగా వచ్చిన యువకుడు రాత్రి హోటలు గదిలో ఉండగా తలుపు అవతల ఎవరో మెల్లగా గడియ తీయబోతున్న చప్పుడు వినబడే ఘట్టం ఉంది చూశారా, ఈ సాహిత్యంలో నేను చదివిన ఉత్తమమైన పుటలలో అది ఒకటి. అందులో ఒక్క జీవీ కనబడదు, ఉన్నది కొయ్య తలుపూ, గడియా, మనిషీ. కథ ముగింపులో ఆ యువకుడు తన రక్తంలోనే ఆ జీవుల వారసత్వం ఉందని గ్రహిస్తాడు, తీరా భయం పోయి సముద్రం పిలుపు మిగులుతుంది. అయితే ఒక హెచ్చరిక తప్పదు. ‘కలిసిన రక్తం’ పట్ల ఆ కథలో కనబడే జుగుప్స వెనుక రచయితకు ఇతర జాతుల పట్ల ఉన్న ద్వేషం స్పష్టంగా ఉంది. దాన్ని గుర్తిస్తూ చదవాలి. మీరు రాసేటప్పుడు ఆ చట్రాన్ని యథాతథంగా ఎత్తుకోకూడదు. బేరం కుదుర్చుకున్న ఊరు అన్న ఊహను మాత్రం ఎవరైనా కొత్తగా వాడుకోవచ్చు, ఎందుకంటే ఆకలి, అప్పు, సిగ్గు అన్ని తీరాలలోనూ ఉంటాయి.

పెద్ద పీతల సంగతి త్వరగా చెప్పేస్తాను. గై ఎన్. స్మిత్ 1976లో రాసిన ‘నైట్ ఆఫ్ ది క్రాబ్స్’, దాని తరువాతి భాగాలు ఈ శాఖలో చవక కాగితపు పుస్తకాలకు ప్రతీకలు. వేల్స్ తీరానికి పశువులంత పీతలు వస్తాయి, సైన్యం దిగుతుంది, తూటాలు పెంకుకు తగిలి ఎగిరిపోతాయి. ఆ పుస్తకాలలో శైలిని వెదకవద్దు, పాత్రలను అసలే వెదకవద్దు. కానీ చీకట్లో గోళ్లు టకటకలాడే చప్పుడును ఆయన పట్టుకున్న తీరు చూడండి: చూపు చేరకముందే చెవికి చేరే భయమది. రెండు గంటల ప్రయాణానికి సరిపోయే సరదా పుస్తకంగా చదివితే నష్టం లేదు. వరుసగా మూడు చదివితే మాత్రం మీరు ఫిర్యాదు చేసిన చప్పదనం అసలు రూపంలో కనబడుతుంది.

ఆ పీతల సందర్భంగానే శరీరశాస్త్రం గురించి ఒక మాట, ఎందుకంటే రాతప్రతులలో నేను ఎక్కువగా ఎర్రసిరాతో గుర్తు పెట్టింది ఇక్కడే. ఒక జీవి పొడవు రెండింతలైతే దాని బరువు ఎనిమిదింతలవుతుంది, ఆ బరువును మోసే కాలి అడ్డకోత వైశాల్యం మాత్రం నాలుగింతలే అవుతుంది. నీరు బరువును మోస్తుంది కాబట్టి లోతులో పెద్ద శరీరాలు సాధ్యం, నేల మోయదు. జపాను సాలీడు పీత కాళ్లు చాచితే సుమారు 3.7 మీటర్లు ఉంటుంది, అది లోతు నీటి ప్రాణి. నేల మీద బతికే సంధిపాదులలో, అంటే పీతలు, పురుగుల వంటి కీళ్ల కాళ్ల ప్రాణులలో, అతి పెద్దదైన కొబ్బరి పీత బరువు దాదాపు 4 కిలోలకు మించదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం తన బరువు కింద తానే నలిగి చనిపోతుంది. దీన్ని చూసి కొందరు కొత్త రచయితలు నిరుత్సాహపడతారు. నిజానికి ఇది కథకు ఎంతో పనికివస్తుంది. ఒడ్డెక్కిన జీవికి సమయం తక్కువ. మొప్పలు ఆరిపోతుంటాయి, శరీరం బరువెక్కుతుంది, అది నీటికి తిరిగి పోవాలి లేదా నీటిని తనతో తెచ్చుకోవాలి. వాన రాత్రి దానికి వరమవుతుంది, మురుగు కాలువ రహదారి అవుతుంది, ఉప్పునీటితో నిండిన నేలమాళిగ మజిలీ అవుతుంది. పీత పెరగాలంటే పాత పెంకు విడవాలి, కొత్త పెంకు గట్టిపడేదాకా దానికి రక్షణ లేదు. రాతి గుహలో ఖాళీ పెంకు ఒకటి దొరికిందనుకోండి, దాన్ని చూసిన పాత్రకు రెండు సంగతులు ఒకేసారి తెలుస్తాయి: ఆ జీవి ఇప్పుడు మెత్తగా ఉంది, త్వరలో ఈ పెంకు కంటే పెద్దది కాబోతోంది. ఇలాంటి ఒక్క వివరం ఇరవై పేజీల యుద్ధానికి సమానం. సముద్రంతో బంధం తెగకుండా రాక్షసిని ఊళ్లోకి తీసుకురావడం అంటే నా ఉద్దేశం ఇదే.

ఊరి నుంచి ప్రపంచం దాకా విస్తరించే నవలలు మరో తెగ. జాన్ విండమ్ 1953లో రాసిన ‘ది క్రాకెన్ వేక్స్’లో లోతు సముద్రంలో స్థిరపడ్డ శత్రువును చివరిదాకా ఎవరూ చూడరు. వాటి యంత్రాలు మాత్రం ఒక ద్వీపపు పట్టణంలోకి పాకి వచ్చి, జిగురు పోగులు విసిరి మనుషులను కట్టగట్టి నీళ్లలోకి లాక్కుపోతాయి. ఆ ఘట్టం ఎంత భయంకరంగా ఉన్నా, దానికంటే ఎక్కువ కాలం వెంటాడేది నవల మూడో దశ. ధ్రువాల మంచు కరిగి నీటిమట్టం మెల్లమెల్లగా పెరుగుతుంటే ప్రభుత్వాలూ పత్రికలూ కొత్త గోడలు కట్టుకుంటూ, ఒకరి మీద ఒకరు నెపాలు వేసుకుంటూ కాలం గడుపుతాయి. కథ చెప్పేది రేడియో విలేకరులైన భార్యాభర్తలు కావడం వల్ల, విపత్తు ఎప్పుడు వార్త అవుతుంది, ఎప్పుడు మాసిపోతుంది అన్నది లోపలి నుంచి కనబడుతుంది. కారెల్ చాపెక్ 1936 నాటి చెక్ నవల ‘వార్ విత్ ది న్యూట్స్’ను భయానకం అనడం కష్టం, అది వ్యంగ్యం. కానీ తాము బతకడానికి లోతులేని తీరజలాలు కావాలి కాబట్టి తీరం పొడవు పెంచుకోవడానికి ఖండాలనే తవ్వి ముంచేస్తామనే న్యూట్ల (బల్లిలా కనబడే ఉభయచరాల) తర్కం కంటే చల్లని భయం నాకు మరెక్కడా తగల్లేదు. వాటికి పనీ ఆయుధాలూ నేర్పి, వాటితో వ్యాపారం చేసింది మనుషులే.

జర్మన్ రచయిత ఫ్రాంక్ షెట్జింగ్ 2004లో వెలువరించిన ‘డెర్ ష్వార్మ్’ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. అది దాదాపు వెయ్యి పేజీల పుస్తకం. తిమింగలాలు పడవల మీద తిరగబడతాయి, విషం మోసుకొచ్చే పీతలు మహానగరాల తీరాల్లో కుప్పలుగా ఎక్కుతాయి, సముద్రగర్భంలో మీథేన్ హైడ్రేట్లను (మీథేన్ వాయువును పట్టి ఉంచే మంచులాంటి నిల్వలను) పురుగులు కొరికి, ఖండపు అంచున నీటి కింద ఉండే వాలును జార్చడంతో ఉత్తర ఐరోపా తీరం సునామీ పాలవుతుంది. ఈ చివరి ఊహ గాలిలోంచి పుట్టలేదు: నార్వే తీరం దగ్గర సుమారు 8,200 ఏళ్ల కిందట స్టోరెగ్గా వాలు జారి భారీ సునామీ పుట్టించిన మాట వాస్తవం. పుస్తకంలో మొదటి మూడు వందల పేజీలు అద్భుతం. ఆ తరువాత శాస్త్రవేత్తలు గదిలో కూర్చుని ఒకరికొకరు పాఠాలు చెప్పుకునే భాగాలు నాకు ఎక్కువయ్యాయి. మీకు అలాంటి వివరణలంటే ఇష్టమైతే అదే పుస్తకం పండుగ.

వాసన గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే భయానక రచయితలు ఎక్కువగా నిర్లక్ష్యం చేసే ఇంద్రియం ముక్కే. జుంజి ఇటో 2001-02లో గీసిన జపాను చిత్రకథ ‘గ్యో’లో చేపలు లోహపు కాళ్ల మీద నడుచుకుంటూ ముందు ఒకినావాలో, తరువాత టోక్యోలో ఒడ్డెక్కుతాయి. చెబితే నవ్వొస్తుంది. కానీ వాటికంటే ముందే వచ్చే కుళ్లు కంపును ఆయన బొమ్మల్లోనే ముక్కుకు తగిలించాడు. ఒడ్డున చచ్చిన చేపల వాసన ఎరిగిన పాఠకుడికి ఊహించుకోవలసిన పని కూడా ఉండదు. కథానాయకుడి ప్రియురాలు మొదటి నుంచీ వాసనలను భరించలేని మనిషి కావడం ఆ కథలో ఎంత క్రూరమైన ఎంపికో చదివాక మీకే తెలుస్తుంది.

ఇక మీరు రాయబోయే నవల. దండయాత్ర అనగానే ఒక్క రాత్రిలో జరిగే విధ్వంసమే అక్కర్లేదు. 1980ల తొలినాళ్లలో ఓడల అడుగున నింపుకునే నీటితో పాటు నల్లసముద్రంలోకి వచ్చి పడ్డ దువ్వెన జెల్లీ అనే అరచేతిలో ఇమిడే పారదర్శక జీవి, కొన్నేళ్లలోనే చిన్న చేపల ఆహారాన్నీ వాటి గుడ్లనూ తినేసి, ఆ దశాబ్దం ముగిసేసరికి అక్కడి ఆంచోవీ చేపల వేట కుప్పకూలడంలో పెద్ద పాత్ర వహించింది. 2013లో స్వీడన్‌లోని ఒస్కర్స్‌హామ్ అణు విద్యుత్ కేంద్రంలో చల్లబరిచే నీటి గొట్టాలకు జెల్లీ చేపలు అడ్డుపడటంతో ఒక రియాక్టరును ఆపవలసి వచ్చింది. కోరలు లేవు, గోళ్లు లేవు, కోపమూ లేదు. వలలో చేపలకు బదులు రోజురోజుకూ ఎక్కువగా పడుతున్న జిగురును చూస్తూ, పక్కవాడికి చెప్పకుండా దాన్ని రాత్రిపూట తిరిగి నీళ్లలో పారబోసే జాలరితో నవల మొదలుపెట్టండి. ఊరి మౌనం మొదటి పేజీలోనే వచ్చేస్తుంది.

రాయడానికి ముందు మీ ఊహాపట్టణానికి ఒక నెల రోజుల పోటుపాట్ల పట్టిక తయారు చేసుకోండి. ఏ రోజు ఏ వేళకు నీరు ఎంత ఎత్తుకు వస్తుంది, ఏ వీధి దాకా వస్తుంది, దీపస్తంభానికి పోయే బాట ఎన్ని గంటలు మునిగి ఉంటుంది అన్నవి కాగితం మీద ఉండాలి. ప్రతి సంఘటననూ ఆ పట్టికలో పెట్టి చూడండి. పట్టికలో ఏ వేళకు పెట్టినా ఒకేలా జరిగే సంఘటన ఉందంటే అది సముద్రపు నవలకు అక్కర్లేదని నేను నిర్మొహమాటంగా కొట్టేసేవాణ్ణి. రాతప్రతి ఇచ్చినవాళ్లు మొదట నొచ్చుకునేవారు; తరువాత రెండో ప్రతి పంపేటప్పుడు పట్టికను కూడా జత చేసేవారు.

ముగింపు దగ్గర బాంబులతో రాక్షసిని పేల్చేసే అలవాటు మానుకోండి. వెల్స్ కథలో ఆ జీవులు కొంతమందిని తిని, వచ్చినట్టే పోతాయి. ఎందుకు వచ్చాయో, ఎక్కడికి పోయాయో శాస్త్రం తేల్చలేకపోతుంది, అంతే. విండమ్ నవలలో శత్రువుకు విరుగుడు దొరికినా మునిగిన తీరం తేలదు. మీ ఊరివాళ్లు గెలిచినా, మర్నాడు పొద్దున వాళ్లు తిరిగి అదే నీళ్లలోకి పడవ దింపి బతకాలి కదా, ఆ పొద్దున ఎలా ఉంటుందో రాయండి.

చదివే క్రమం అడిగారు కాబట్టి: వెల్స్ కథ అరగంటలో అయిపోతుంది, దానితో మొదలుపెట్టి, డ్యు మోరియర్ కథ చదివి, ఆ తరువాత ఇన్స్‌మౌత్‌కు వెళ్లండి. ఈ మూడూ నవలలు కావు, కానీ నవలలు ఎక్కడ తడబడుతున్నాయో ఇవి చదివాకే స్పష్టమవుతుంది. అక్కడి నుంచి ‘జాస్’, విండమ్. ఆల్బర్ట్ సాంచెస్ పిన్యోల్ 2002లో కటలన్ భాషలో రాసిన ‘కోల్డ్ స్కిన్’ను కూడా కలుపుకోండి, అందులో పట్టణం లేదు, ఒక దీవి, ఒక దీపస్తంభం, ఇద్దరు మనుషులు, ప్రతి రాత్రీ నీళ్లలోంచి వచ్చే గుంపు ఉన్నాయి, అయితే రాక్షసులు ఎవరన్న ప్రశ్నను అంత నిర్దయగా తిప్పి అడిగిన పుస్తకం ఈ కోవలో మరొకటి నాకు కనబడలేదు. చాపెక్‌ను ఎప్పుడు చదివినా సరే. షెట్జింగ్‌ను మాత్రం మీ పోటుపాట్ల పట్టిక పూర్తయ్యాకే తెరవండి, లేకపోతే ఆ వెయ్యి పేజీల శాస్త్రం మీ చిన్న ఊరిని ముంచేస్తుంది.